రెండక్షరాల తప్పు

"అందరమూ కలిసి పడుదాము" అని ఉంది ప్రూఫులో. దీర్ఘాలాయన పెన్సిలు అక్కడ ఆగింది.

చర్చి గోడకు అంటించే చిన్న ప్రకటన అది. క్రిస్మస్ పాటల అభ్యాసానికి రమ్మని పిలుపు. 'పాడుదాము'లో దీర్ఘం ఎగిరిపోయేసరికి వీధంతా ఒకచోట చేరి బోర్లా పడదాం రమ్మన్నట్టు తయారైంది. ఆయన నవ్వలేదు. అక్షరం మీద గీత కొట్టి, అంచులో దీర్ఘం వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. కంప్యూటరు ముందు కూర్చున్న ఆవిడ మాత్రం కాగితం తిరిగి రాగానే చూసి పకపకా నవ్వింది.

"బాబాయ్ గారూ, మీరు చూడకపోతే రేపు ఎంతమంది మోకాళ్ళు పగిలేవో!"

ఆయన ఊఁ అన్నాడు. తరువాతి కాగితం ముందుకు లాక్కున్నాడు.

ఆయన చదివే తీరు వేరు. పేజీ అడుగున చివరి మాట దగ్గర మొదలుపెట్టి వెనక్కి, పైకి చదువుకుంటూ పోతాడు. ముందు నుంచి చదివితే అర్థం తెలిసిపోతుంది, అర్థం తెలిశాక కన్ను అక్షరాన్ని చూడడం మానేస్తుంది, ఉండాల్సిందే ఉందనుకుని జారిపోతుంది. వెనక నుంచి చదివితే ఏ మాటకామాట విడిగా నిలబడుతుంది, దాక్కోవడానికి దానికి చోటుండదు. ఇలా చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక తప్పు జరిగాక, తనంతట తానే మొదలుపెట్టాడు.

దీర్ఘాలాయన అన్న పేరు పెట్టింది పోయిన పెద్ద యజమాని. దీర్ఘం తగ్గినా పెరిగినా ఈయన కంట పడకుండా ప్రెస్సు గడప దాటదని మెచ్చుకోలుగా పెట్టాడు. మనిషి మాత్రం దీర్ఘాలు తీసే మనిషి కాడు. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి అదీ లేదు. అరవై అయిదు దాటాయి. బక్కపలచని ఒళ్ళు, ముందుకు వంగిన మెడ. ఎదురుగా బల్ల లేకపోయినా బల్ల మీదికి వంగినట్టే నడుస్తాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసల దగ్గర చదునుగా అణిగిపోయి ఉంటాయి. ఇరవై ఏళ్ళు సీసపు అక్షరాలు ఏరిన వేళ్ళు అవి.

అప్పట్లో ఆయన కంపోజిటరు. గళ్ళు గళ్ళుగా ఉన్న చెక్క కేసును ఏటవాలుగా ముందు పెట్టుకుని, ఎడమచేతిలో ఇనప స్టిక్కు పట్టుకుని, ఒక్కో గడిలోంచి ఒక్కో అక్షరం తీసి వరసగా పేర్చేవాడు. 'ట'కు ఒక గడి, 'టి'కి ఒక గడి, 'టె'కు ఇంకొకటి. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఏ గడిలో ఏముందో వేళ్ళకు తెలిసేది. సీసం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆరుగురు కంపోజిటర్లలో అయిదుగురు వెళ్ళిపోయారు. ఈయన్ని పెద్ద యజమాని మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి చేతికి పెన్సిలు ఇచ్చాడు. అప్పటినుంచీ అదే మూల, అదే బల్ల, పక్కన సందులోకి తెరుచుకునే కిటికీ. ఆ కిటికీలోంచి ఎదుటి గోడ తప్ప ఏమీ కనపడదు. ఆయనకు అదే బాగుంటుంది, కళ్ళకు విశ్రాంతి.

పొద్దున తొమ్మిదికి వస్తాడు, ఆరు దాటాక వెళతాడు. ఆయన ఉండేది ఒక మూడో అంతస్తు గదిలో. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బల్ల, స్టవ్వు. ఆదివారం చర్చికి వెళ్ళి చివరి స్తంభం వెనక నిలబడతాడు. పాటలు వస్తున్నప్పుడు పెదవులు కదపడు. గొంతు లేదంటాడు. నిజానికి ఆయన గొంతు ఎలా ఉంటుందో ఎవరూ విన్నది లేదు.

పదకొండు దాటాక ప్రెస్సులోకి ఒకావిడ వచ్చింది. అరవై పైబడ్డ మనిషి. దుస్తులు పొందికగా ఉన్నాయి, చంకలో గుడ్డసంచి ఉంది, గుమ్మంలోనే చెప్పుల దుమ్ము దులుపుకుంటోంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆమెను అందరూ టీచరమ్మ అంటారు. చర్చిలో పాటల బృందాన్ని నడిపించేదీ ఆమే. ఆమె తండ్రి కూడా మాస్టారే, పాటలు రాసేవాడు. ఈ వసంతంలో పోయాడు.

చిన్న యజమాని లేచి కుర్చీ వేశాడు. యాభై ఏళ్ళొచ్చినా ఆయన చిన్న యజమానే. తండ్రి పోయి పదేళ్ళయినా ఆ 'చిన్న' పోలేదు.

"ఈ ఏటి పాటల కాగితం మధ్యాహ్నానికి తయారైపోతుందండి టీచరమ్మగారూ. సాయంత్రం మీరు బయల్దేరేలోగా చేతికిస్తాం."

"దానికోసమే వచ్చాను. అచ్చు వేసే ముందు ఇది చూడండి" అని ఆమె సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. "మా నాన్న చేతిరాత. ఆ చుక్క పాట."

చిన్న యజమాని కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"ఒంటెలవారికి తోవ చూపిన చుక్కా, మా వాకిట కాసేపు ఆగవమ్మా... ఆహా, ఎన్నిసార్లు విన్నా బాగుంటుందండి."

"బాగుండడం సంగతి తరవాత. ఏం చదివారు?"

ఆయన మళ్ళీ చూశాడు. ఈసారి ఆగాడు. "ఒంటెల... ఒంటరివారికి అని కదూ?"

"అదీ! మీ ప్రెస్సు వేసింది ఒంటరి. మా నాన్న రాసింది ఒంటెలు. తూర్పు నుంచి ఒంటెలెక్కి వచ్చారే జ్ఞానులు, వాళ్ళకు చుక్క దారి చూపింది. అసలు ఆ కథలో ఒంటరివాళ్ళెక్కడున్నారండీ? తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, గొల్లవాళ్ళు మందలతో సహా వచ్చారు. జ్ఞానులు కూడా విడివిడిగా రాలేదు, కలిసే వచ్చారు."

కంప్యూటరు ముందావిడ టైపు చేయడం ఆపి ఇటు తిరిగింది. మూల బల్ల దగ్గర పెన్సిలు కూడా ఆగింది.

"మా నాన్న నోరున్న మనిషి కాదు" అంది టీచరమ్మ. "ప్రెస్సుకొచ్చి పోట్లాడి ఉంటే ఆ మర్నాడే సరిపోయేది. రాలేదు. ప్రతి క్రిస్మస్‌కూ చర్చి నుంచి ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని, నా ఒంటెల్ని ఎవడు తోలుకుపోయాడే అనేవాడు. మాకందరికీ నవ్వులాట. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఒంటెల్ని తోలుకురా అమ్మా అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు." ఆమె చంకలో సంచి సర్దుకుంది. "తెస్తానని మాటిచ్చాను."

"అయ్యయ్యో, ఎంత పని జరిగింది! తప్పకుండా మార్చేద్దామండి. అప్పటి కంపోజిటర్లలో ఎవరి నిర్వాకమో ఏమో. ఇప్పుడు పట్టుకుందామన్నా ఎవరున్నారు గనక..."

"నాదే."

ముగ్గురూ మూలకు తిరిగారు. దీర్ఘాలాయన లేచి నిలబడ్డాడు. బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు.

"నేను పేర్చిందేనమ్మా ఆ పాట" అన్నాడు మళ్ళీ.

చిన్న యజమాని కళ్ళజోడు తీశాడు. ఈయన వల్ల తప్పు జరిగిందన్న మాట ఆ ప్రెస్సులో ఇంతవరకూ ఎవరూ విని ఉండరు. "చెయ్యి జారుంటుంది లెండి బాబాయ్. ఎవరికైనా జరిగేదే."

"చెయ్యి జారలేదు బాబూ. ఒకక్షరం తప్పయితే చెయ్యి జారిందనొచ్చు. ఇక్కడ రెండు. 'టె' ఉండాల్సిన చోట 'ట', 'ల' ఉండాల్సిన చోట 'రి'. కేసులో 'ల'గడి ఎక్కడ, 'రి'గడి ఎక్కడ! మూరెడు దూరం. వరసగా రెండక్షరాలు చెయ్యి జారి పడవు."

అంత పొడుగు మాట ఆయన నోట రావడం కంప్యూటరు ముందావిడ పదకొండేళ్ళలో విననేలేదు.

"మరి?" అంది టీచరమ్మ.

"ఆ వేళ ఇంట్లో ఎవరూ లేరమ్మా" అన్నాడాయన.

అంతకు మించి చెప్పలేదు. చెప్పేందుకు పెద్ద కథ కూడా లేదు. పెళ్ళయి తొమ్మిది నెలలు. పుట్టింటికి వెళ్ళిన భార్య డిసెంబరు రెండో వారంలో ఒక ఉత్తరం రాసింది. తగువు లేదు, నింద లేదు. నాకు అక్కడ ఊపిరాడదు, నన్ను తీసుకెళ్ళడానికి రాకండి, మీరు మంచివారే, అని మూడు వాక్యాలు. ఆ ఉత్తరం ఇంటికి కాదు, ప్రెస్సుకు వచ్చింది. కేసు ముందు నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఎదురుగా ఉన్న చేతిరాత చూస్తూ పాట పేర్చడం మొదలుపెట్టాడు. కళ్ళు ఒంటెల్నే చూశాయి. వేళ్ళు ఇంకొకటి ఏరాయి. ఆనాటి ప్రూఫురీడరు చదివాడు కానీ పట్టుకోలేదు. అర్థంలేని తప్పయితే ఎవరి కంటికైనా తగిలేది. దీనికి అర్థముంది. పైగా బాగుంది.

"తరవాతైనా చూసుకోలేదా?" అని అడిగిందామె.

ఇక్కడ ఆయన అబద్ధమాడవచ్చు. ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు లేరు.

"చూశానమ్మా. ప్రతి ఏడూ ఆ పాట నా చేతికే వస్తుంది, మొదట్లో పేర్చడానికి, తరవాత ప్రూఫుగా. ముప్పై ఎనిమిదిసార్లు వచ్చింది. దిద్దలేదు."

"తెలిసే వదిలేశారా!"

"తెలిసే."

టీచరమ్మ మొహం ఎర్రబడింది. బడిలో పిల్లల్ని నిలబెట్టి కడిగేసిన గొంతు ఒక్కసారిగా బయటికొచ్చింది. "అచ్చులో దీర్ఘం పోతే ఊరుకోరట మీరు! మా నాన్న అంతకాలం ఒంటెలు, ఒంటెలు అని అలమటించాడండీ. మీరేమో ఇక్కడ తీరిగ్గా కూర్చుని..." ఎదురుగా ఆ మనిషి తలవంచుకుని, దెబ్బకు సిద్ధంగా ఉన్నవాడిలా నిలబడి ఉన్నాడు. అలాంటివాణ్ణి ఇంకేం తిడతాం.

ఎందుకు దిద్దలేదో ఆయన చెప్పగలిగితే ఇలా చెప్పి ఉండేవాడు. ఏడాదికొకసారి క్రిస్మస్ ఉదయాన, స్తంభం వెనక నిలబడ్డప్పుడు, మూడువందల మంది ఒక్క గొంతుతో ఆ మాట పలుకుతారు. పిల్లల తల్లులు పలుకుతారు, కొత్త దంపతులు పలుకుతారు, చేతికర్ర మీద ఆనుకున్న ముసలివాళ్ళు పలుకుతారు. తను ఎవరికీ చెప్పుకోని మాట అది, అందరూ కలిసి చుక్కకు చెబుతుంటారు. ఈ లోకంలో ఆయనదంటూ ఉన్నది ఆ రెండక్షరాలే. వాటికోసం ఏడాది పొడుగునా ఎదురుచూసేవాడు. దొంగసొత్తని తెలుసు. అయినా వదల్లేకపోయాడు.

ఆయన కూర్చున్నాడు. ప్రూఫు ముందుకు లాక్కున్నాడు. ఈసారి వెనక నుంచి చదవలేదు, ఎక్కడుందో తెలుసు. 'ట' మీద గీత కొట్టి 'టె' రాశాడు. 'రి' మీద గీత కొట్టి 'ల' రాశాడు. రెండింటి చుట్టూ సున్నాలు చుట్టాడు. లేచి వెళ్ళి కాగితం కంప్యూటరు పక్కన పెట్టి, తన మూలకు వచ్చేశాడు.

టీచరమ్మ వెంటనే వెళ్ళలేదు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది, మళ్ళీ తీసింది, ఊరికే తిరగేసింది. చివరికి అందులోంచి ఒక చీటీ లాగి మూల బల్ల దగ్గరికొచ్చింది. పాటలవాళ్ళు ఈ సాయంత్రం తిరగబోయే ఇళ్ళ జాబితా అది.

"మీ ఇల్లెక్కడ అన్నయ్యగారూ?"

ఆయన తలెత్తాడు. ఆమె అన్నయ్యగారూ అన్నదని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"రొట్టెల దుకాణం వీధిలో. మూడో అంతస్తు."

"ఆ వీధికి ఏటా వస్తాం. మీ గుమ్మం ఎక్కినట్టే గుర్తు లేదే."

"పేరు రాయించలేదమ్మా. ఒక్కడి కోసం అంతమంది మెట్లెక్కడం దేనికని."

"ఎన్ని మెట్లేమిటి?"

"యాభై రెండు."

"మా మోకాళ్ళ సంగతి మేం చూసుకుంటాం." ఆమె చీటీ మీద రాసుకుంది. "ఏడింటికల్లా మీ దగ్గరుంటాం. తలుపు తీసి ఉంచండి. మొదట గుమ్మంలో పాట, తరవాతే లోపలికి రావడం. మీకు తెలుసుగా."

ఆయనకు తెలియదు. తెలుసన్నట్టు తలూపాడు. ఆమె వీధి గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అడిగాడు.

"ఎంతమంది వస్తారమ్మా?"

"పన్నెండు మందిమి, నాతో కలిపి."

నాలుగింటికి దీర్ఘాలాయన పెన్సిలు బల్ల మీద పెట్టి చొక్కా చేతులు దింపుకున్నాడు. చిన్న యజమాని గోడ గడియారం వైపు చూసి, అది ఆగిపోయిందేమోనని తన చేతి గడియారం కూడా చూసుకున్నాడు.

"ఒంట్లో బాగాలేదా బాబాయ్?"

"ఇంటికి చుట్టాలొస్తున్నారు" అన్నాడాయన. ఆ మాట నోటికి కొత్తగా తగిలింది. సందు దాటేవరకూ దాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు.

దారిలో పాలు, చక్కెర, టీపొడి కొన్నాడు. ఇంటికొచ్చి అలమర తీశాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే గ్లాసు. అంచు కాస్త చిట్లింది కూడా. రెండో గ్లాసుతో ఇన్నేళ్ళలో ఎప్పుడూ పని పడలేదు.

మళ్ళీ కిందికి దిగాడు. కింది వాటాలో ఇంటావిడ తలుపు తీసింది.

"గ్లాసులుంటే ఇస్తారా? రేపు ఇచ్చేస్తాను."

"ఎన్ని?"

"పన్నెండు."

"పన్నెండా! మీకా?" ఆవిడ చెయ్యి నడుం మీదికి పోయింది. "కొంపదీసి పెళ్ళిగానీ చేసుకుంటున్నారా? చెప్పనైనా చెప్పలేదే!"

ఆయనకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. ఆవిడ ఆశ్చర్యపోయి ఆ నవ్వు వైపే చూసింది. "పాటలవాళ్ళు పైకి వస్తామన్నారండి" అన్నాడు.

ఆవిడ దగ్గర నీలం గీతల గ్లాసులు ఎనిమిది దొరికాయి. రెండో అంతస్తులో దర్జీ భార్య పొట్టి గ్లాసులు నాలుగిచ్చింది. "పగిలితే ఏమీ అనుకోను, కానీ వాళ్ళను మా గుమ్మం ముందు కాస్త గట్టిగా పాడమనండి. మా ఆయన మిషను చప్పుడులో ఏమీ వినపడి చావదు" అంది.

గ్లాసులు రెండు విడతలుగా పైకి చేర్చాడు. రెండో విడతలో మలుపు దగ్గర ఆగి, గోడకు ఆనుకున్నాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో లాగుతోంది. ఈమధ్య అక్కడ ఆగడం అలవాటైంది. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడు. ఉన్నవి యాభై రెండు, అందులో ఎన్ని తగ్గించమంటాడో అడగడం మరిచిపోయాడు. కాసేపటికి లాగుడు సర్దుకుంది. గ్లాసులు గలగలమంటుంటే మెల్లగా ఎక్కాడు.

గది ఊడ్చాడు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాడు. అయిదుగురు దాని మీద కూర్చోవచ్చు, ఒకరు కుర్చీలో, మిగతావాళ్ళు నిలబడాల్సిందే. టీచరమ్మకు కుర్చీ. గ్లాసులన్నీ కడిగి, గుడ్డతో తుడిచి, బల్ల మీద రెండు వరసల్లో బోర్లించాడు. పొడుగువి వెనక, పొట్టివి ముందు. తన గ్లాసు చివర పెట్టాడు. పదమూడు. దూరంగా నిలబడి చూసుకున్నాడు. పంక్తి వంకర పోయినట్టనిపించి ఒకదాన్ని వేలితో ముందుకు జరిపాడు.

టీ ఇప్పుడే కాచకూడదు. వాళ్ళు వచ్చాక, వేడిగా. గిన్నెలో నీళ్ళు పోసి సిద్ధంగా ఉంచాడు.

ఇక మిగిలింది ఒకటే పని. ఆ పంక్తి వచ్చినప్పుడు మొహం మారకుండా చూసుకోవాలి. పన్నెండు మంది తన ఎదుట నిలబడి ఒంటెలవారికి అని పాడతారు. అది సరైన మాట. ఒక చచ్చిపోయిన మనిషికి చెందాల్సిన మాట. దాన్ని సంతోషంగా వినాలి. అలవాటు చేసుకుందామని తనే మెల్లగా అనుకున్నాడు. మొదటిసారి 'ఒంటరి' అనే వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి పట్టుబట్టి ఒంటెల్ని నోట్లోంచి బయటికి తోలాడు. ఒంటికాలి మీద నడిచినట్టు వచ్చాయవి.

ఆరున్నరకు వీధి చివర పాట మొదలైంది. కిటికీ తీసి, చలిగాలి మొహానికి కొడుతుంటే నిలబడ్డాడు. కింద వీధిదీపం వెలుగులో వాళ్ళు గుంపుగా కనిపిస్తున్నారు. చేతుల్లో తెల్ల కాగితాలు, ఆ మధ్యాహ్నం ప్రెస్సులో తయారైనవే. రొట్టెల దుకాణం ముందు ఆగారు. చుక్క పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం సాఫీగా పోయింది. ఆ పంక్తి దగ్గరికి రాగానే పాట కాలు తడబడింది. సగంమంది కాగితం చూసి "ఒంటెల" అన్నారు, సగంమంది నోటికొచ్చినట్టు "ఒంటరి" అన్నారు. ఎవరో ఒకాయన రెండూ కలిపి "ఒంటెరి" అన్నాడు. పాట ఆగింది. నవ్వులు.

"కాగితం చూసి పాడండర్రా" అని టీచరమ్మ గొంతు.

మళ్ళీ పాడారు. మళ్ళీ అదే గందరగోళం. ఆ పక్కింటి దగ్గరా అదే. ఇన్నేళ్ళ అలవాటు ఆ నాలుకలది. వాటికి చదువు రాదు.

తరువాత వాళ్ళు ఆయన ఉంటున్న ఇంటి కిందికే వచ్చారు. ఇంటావిడ గుమ్మం ముందు నిలబడ్డారు. దీర్ఘాలాయన కిటికీ చువ్వలకు నుదురు ఆనించి కిందికి చూశాడు. అంత ఎత్తు నుంచి తలలూ కాగితాలూ మాత్రమే కనపడుతున్నాయి. బృందంలో ఒక ముసలావిడ అడుగుతోంది.

"మాకు రాదమ్మా ఈ ఒంటెల గోల. మా ఆయన కన్నుమూసిన ఏడు ఈ పాటే పట్టుకుని బతికాను నేను. ఇప్పుడు మార్చమంటే ఎట్లాగ?"

టీచరమ్మ చేతిలో కాగితం కిందికి దిగింది.

"సరే, నోటికి వచ్చినట్టే పాడండి" అంది. "మా నాన్నకు నేను చెప్పుకుంటాలే."

పాట లేచింది. ఈసారి ఎవరూ తడబడలేదు. ఒంటరివారికి తోవ చూపిన చుక్కా, మా వాకిట కాసేపు ఆగవమ్మా. పన్నెండు గొంతుల్లోనూ ఒక గొంతు కాస్త ముందు వెళుతోంది, బడిలో పాఠం చెప్పినంత స్పష్టంగా. అది టీచరమ్మదే.

దీర్ఘాలాయన కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు, చూసేవాళ్ళెవరున్నారని. దాచుకున్నదాన్ని ఒప్పుకుని తిరిగి ఇచ్చేశాక, సొంతదారులే తెచ్చి చేతిలో పెట్టినట్టయింది. ఇంత సంతోషం ఆయనకు అలవాటు లేదు. కిటికీ దగ్గర నుంచి వచ్చి తలుపు బార్లా తెరిచాడు. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళు దర్జీ ఇంటి ముందు కూడా పాడాలి, ఇంకా కాస్త టైముంది. భుజం మళ్ళీ లాగింది. ఒక్క క్షణం కూర్చుందామని, టీచరమ్మ కోసం వేసిన కుర్చీలో గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

పాటలవాళ్ళు మూడో అంతస్తు ఎక్కేసరికి సగంమందికి ఆయాసం వచ్చింది. "యాభై రెండని చెప్పాడు, నూటయాభై ఉన్నాయి" అని ఒకాయన గొణిగాడు. తలుపు తీసే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. దీర్ఘాలాయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"వినడానికి సిద్ధమై కూర్చున్నాడు పాపం" అంది ముసలావిడ.

పద్ధతి ప్రకారం గుమ్మంలోనే నిలబడి పాడారు. మూడు చరణాలూ పాడారు. ఒంటరివారికి అన్న చోట టీచరమ్మ ఆయన మొహంలోకి చూసింది. మొహం మారలేదు. పాట అయిపోయింది. మెట్ల మీద గొంతుల ప్రతిధ్వని కూడా అణిగిపోయింది. ఆయన లేచి రండి అనలేదు. టీచరమ్మ లోపలికి నడిచింది.

"అన్నయ్యగారూ" అంది. వంగి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలోని అగ్గిపెట్టె జారి కింద పడింది.

క్రిస్మస్ ఉదయం చర్చిలో కాగితం మీద ఒంటెలున్నాయి, నోళ్ళలో లేవు. చివరి స్తంభం వెనక ఎవరో కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడ్డారు.

ఆ మరుసటి రోజు చిన్న యజమాని మనుషులతో వచ్చి గది ఖాళీ చేయించాడు. మంచం, కుర్చీ, స్టవ్వు, నాలుగు చొక్కాలు, అంతే. దర్జీ భార్య వచ్చి తన పొట్టి గ్లాసులు నాలుగూ కొంగులో పెట్టుకుని, కళ్ళు ఒత్తుకుంటూ దిగిపోయింది. ఇంటావిడ నీలం గీతలవి ఎనిమిదీ ఒకదానిలో ఒకటి దూర్చి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. బల్ల చివర, అంచు కాస్త చిట్లిన గ్లాసు ఒకటి, శుభ్రంగా తుడిచి, బోర్లించి ఉంది.